దాని వంతు

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కాతమ్ముళ్లిద్దరూ సామాన్ల గదిలో దూరారు. ఆ ఇంట్లో కిటికీ లేని గది అదొక్కటే. బయటి చప్పుళ్లు మైకులో పడకుండా గోడలకి పాత దుప్పట్లు వేలాడదీసి, తలుపుకి పరుపు ఆనించాడు తమ్ముడు. ట్యూబ్‌లైటు రొద రికార్డింగులో వినిపిస్తుందని దాన్నీ ఆర్పేసేవాడు. ఇక వెలుగంటూ ఉంటే చేతిలోని ఆట మిషన్ తెరదే.

వారానికో వీడియో గేము ఆడి, వాడు మెచ్చుకోవడం, ఆవిడ తిట్టిపోయడం, ఆ మాటలు రికార్డు చేసి నెట్‌లో పెట్టడం... అదీ వాళ్ల కార్యక్రమం. రోజంతా బడి వ్యాను నడిపి, పిల్లల గోలకి బుర్ర వేడెక్కిన మనిషేమో, అక్కకి కోపం ముక్కు మీదే ఉంటుంది. వినేవాళ్లు ఆ తిట్ల కోసమే వస్తారు. వాడికి ముప్ఫై దాటినా ఆవిడకి ఇప్పటికీ బుడ్డోడే. తల్లి పోయాక చంకనెత్తుకుని పెంచింది మరి. వాడు తప్ప ఆవిడకి నా అన్నవాళ్లు లేరు.

ఈసారి ఆట వింత జంతువుల్ని పట్టి పోగేసేది. అడవుల్లో తిరగాలి, ఎదురైన జంతువు మీదికి మన జంతువుని కొట్లాటకి దింపాలి. ఒక దెబ్బ మనది, ఒక దెబ్బ దానిది, వంతులవారీగా. దాని ప్రాణం గీత ఎర్రబడి, కొన ఊపిరితో ఉన్నప్పుడు వల విసిరితే చిక్కుతుంది. ఒక్క దెబ్బ ఎక్కువైతే చచ్చి ఊరుకుంటుంది.

"ఊళ్లు ముచ్చటగా ఉన్నాయి, పాటలు బాగున్నాయి, కాదనను," అంది అక్క, మైకు పెట్టకముందే. "ఆటలో నా వంతుకొచ్చిన బాతుపిల్ల కూడా ముద్దొస్తోంది. కానీ చావగొట్టి తెచ్చుకుని, ఇక నువ్వు నా నేస్తానివి అనడమేంట్రా? సిగ్గుండక్కర్లా?"

"అదే కదక్కా మజా! చంపకుండా ఆపడంలోనే ఉంది పనితనం."

"తగలెయ్ నీ పనితనం."

ఆవిడ కోపం ఊరికే కాదు. దొరక్క దొరక్క దొరికిన ఒక జంతువుని వాడు కొన ఊపిరి దాకా కొట్టి, పట్టుకునే ఘట్టం రికార్డింగులో రావాలని అక్కడే ఆపేశాడు. ఆట ఆర్పకుండా, ఛార్జింగు పెట్టి, గురువారం నుంచీ ఈ గది అలమరలోనే ఉంచాడు. చీపురు కోసం వచ్చినప్పుడల్లా అందులోంచి సన్నటి మూలుగు వినపడేది ఆవిడకి. "పట్టుకో, లేదంటే చంపెయ్. అలా మధ్యలో వేలాడదీయకురా," అని పోరింది. "బొమ్మక్కా అది!" అని నవ్వేశాడు.

లైటు ఆర్పాడు. మైకు పెట్టాడు. మిషన్ తెరిచాడు.

తెర మీద గడ్డి ఉంది. జంతువు లేదు. అడుగున ఒక్క వాక్యం ఉంది: ఇప్పుడు దాని వంతు.

"అదేంటి... నా వంతు దగ్గర కదా ఆపాను," అని గొణిగాడు.

తడిసిన బొచ్చు కంపు గుప్పుమంది. దాని వెనకే పచ్చి నెత్తురు వాసన. గోడ మీద దుప్పటి మెల్లగా ఉబ్బింది... గదిలో గాలే లేదు.

ఎండుకట్టె విరిగినట్టు టప్‌మంది. వాడి మోచెయ్యి. చెవులు చిల్లులు పడేలా కేక పెట్టాడు. మిషన్ కిందపడింది. ఆ వెలుగులో వాడి చెయ్యి వెనక్కి తిరిగి వేలాడుతోంది, ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది.

తర్వాత... ఏమీ లేదు. ఎవరో ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నట్టు అంతా నిశ్శబ్దం.

వాడు తలుపు వైపు ఉరికాడు. ఏదో వాణ్ణి కాలు పట్టుకు లాగి నేలకేసి బాదింది. పళ్లు రాలిన చప్పుడు అక్కకి వినిపించింది. మళ్లీ నిశ్శబ్దం.

అప్పుడు అర్థమైంది ఆవిడకి. "కదలకురా..." అని గుసగుసలాడింది. "మనం ఏదైనా చేస్తేనే అది చేస్తోంది. వంతు పాటిస్తోంది..."

"నెత్తురు... ఆగట్లేదక్కా..."

ఊరుకుంటే వాడు పోతాడు. కదిలితే దెబ్బ. ఆటలో ఉన్న ఇంకో దారి గుర్తొచ్చింది. బరిలో ఉన్నదాన్ని వెనక్కి పిలిచి వేరేదాన్ని దింపొచ్చు, అప్పుడు దెబ్బ కొత్తగా వచ్చినదానికి పడుతుంది. ఇంకేమీ ఆలోచించలేదు. పాక్కుంటూ వెళ్లి వాడికి అడ్డంగా మోకాళ్ల మీద నిలబడింది.

"వాడి బదులు నేను. నన్ను కొట్టు."

కొట్టింది. భుజం ఎముక పెళుక్కుమంది. చెంప చీలి నోరంతా నెత్తురైంది. పై ప్రాణాలు పైనే పోయినట్టయింది, అయినా పడిపోలేదు. ఇప్పుడు తన వంతు. మైకు ఇనపస్టాండు చేతికి తగిలింది. దానికి మిగిలింది కొన ఊపిరేగా... ఒక్కటి తగిలితే చాలు. వేడి గాలి మొహానికి కొడుతోంది, అందులోనే ఆ సన్నటి మూలుగు. జాలీ గీలీ ఏమీ కలగలేదు ఆవిడకి. బలమంతా కూడదీసుకుని విసురుగా కొట్టింది.

తగల్లేదు. స్టాండు గోడమీద దుప్పట్లో దిగబడింది.

కళ్లు మూసుకుంది. దెబ్బ పడలేదు. బొచ్చు చెవిని రాసుకుంటూ... పక్కనుంచి... వెనక్కి వెళ్లింది.

"వద్దు! వాడి జోలికి పోకు! ఇటు రా!"

ఆ వంతు చాలాసేపు సాగింది. ఒక పక్కటెముక. ఆగింది. వాడి ఊపిరి విన్నట్టుంది. ఇంకో పక్కటెముక. ఆగింది. మోకాలు. మళ్లీ విన్నది. దానికేం తొందర లేదు. వాడి కేకలు మూలుగులయ్యాయి, మూలుగు సన్నబడింది... సరిగ్గా అక్కడ ఆపేసింది.

తలుపుకి ఆనించిన పరుపు దానంతటదే పక్కకి ఒరిగింది. హాల్లోని ఎండ లోపలికొచ్చింది. గదిలో వాళ్లిద్దరే ఉన్నారు.

"ఇలాంటిది నేనెప్పుడూ చూళ్లేదమ్మా," అన్నాడు ఆసుపత్రిలో పెద్ద డాక్టరు. "ఒళ్లంతా నుగ్గునుగ్గయింది. కానీ ప్రాణం తీసేచోట ఒక్క దెబ్బా లేదు."

వాడు బాగుపడలేదు. పోనూ లేదు. కళ్లు మూసుకుని సన్నగా మూలుగుతూ అలాగే ఉండిపోయాడు. కట్టు కట్టిన భుజంతో మంచం పక్కనే కూర్చునేది అక్క. "లేవరా బుడ్డోడా, ఇంకెప్పుడూ తిట్టన్రా," అని కుమిలి కుమిలి ఏడ్చేది.

ఒకరోజు సాయంత్రం సెలైను మార్చడానికి నర్సు వచ్చింది. "మీ చుట్టాలెవరోగానీ ఎంత ప్రేమమ్మా! రోజూ ఫోను చేస్తారు."

"మాకెవరూ లేరమ్మా... ఏమంటారు?"

"'ఇంకా పోలేదుగా? మేమొచ్చి పట్టుకెళ్లేదాకా పోనివ్వకండి, జాగ్రత్త' అని పెట్టేస్తారు. ఇవాళ మాత్రం ఇంకో మాట అడిగారు. ఈ గది తలుపు వెడల్పెంత అని. టేపు పెట్టి కొలిచి చెప్పాను. మంచమేమైనా మార్పిస్తున్నారామ్మా?"