ఖాళీ ఊరి సీను

సొంత ఇల్లు సినిమాలో చూసుకోవాలన్న ఆశ ఎవరికి ఉండదు చెప్పండి? ఆ ఆదివారం, హాలహర్వి అవతల ఉన్న ఆ చిన్న ఊరికి ఊరే ఆదోనికి కదిలింది. ట్రాక్టర్లలో కొందరు, షేర్ ఆటోల్లో కొందరు. పత్తి ఏరే పనికి ఒక్కరూ పోలేదు. ముసలీ ముతకా, పిల్లా జెల్లా అంతా మ్యాట్నీకే.

స్వప్న ఒక్కతే తటపటాయించింది. మూడేళ్ల కూతురు మేఘనకు పొద్దున్నుంచీ ఒళ్లు కాలుతోంది.

"నువ్వు పోయిరాపో. పిల్లను నేను సూసుకుంటా. సినిమాలు సూసే వయసా నాది?" అని అత్త వీరమ్మ ధైర్యం చెప్పింది.

ఆటో నడిపే మొగుడు ఈరేష్‌కు కాళ్లు నేలమీద లేవు. "కెమెరాకు ఎదురుగ్గా ఉండేది మన ఇల్లే గదే! నువ్వు రాకుంటే ఎట్లా?" అన్నాడు. పిల్లకు జ్వరం మందు తాగించి, నుదురు మళ్లీ ఒకసారి తాకి చూసి, స్వప్న ఆటో ఎక్కింది. ఎక్కిందన్న మాటే గానీ ప్రాణమంతా ఇంటి దగ్గరే ఉంది.

అదొక మాయరోగం సినిమా. దగ్గు మొదలైన మనిషి తెల్లారేసరికి శవమైపోతాడు. అందులో చూపించడానికి మనుషులే లేని ఊరొకటి కావాలని సినిమావాళ్లు తిరిగి తిరిగి చివరికి వీళ్ల ఊరు పట్టుకున్నారు. ఎట్లా దొరికిందో చెప్తాను, వినండి.

ఆ ఊర్లో ఒక ఆచారం ఉంది. విషజ్వరాలు పట్టుకుని వదలకపోతే పెద్దలు చాటింపు వేయిస్తారు. కోడి కూయకముందే అందరూ ఇళ్లకు తాళాలు వేసి, గొడ్డూ గోదాతో సహా పొలిమేర దాటిపోవాలి. పొద్దు గూకేదాకా ఊర్లో పొయ్యి వెలగకూడదు, మనిషి అలికిడి ఉండకూడదు. ఆ పూట జ్వరాల అమ్మవారు వీధులన్నీ తిరుగుతుందట. ఒక్కో తలుపూ తడిమి చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, తన దారిన తాను పోతుందట. అట్లా తిరిగేటప్పుడు ఆమె మీద ఎవరి కన్నూ పడకూడదు.

పోయిన ఎండాకాలం జ్వరాలు ముదిరి ఊరు ఖాళీ చేస్తారని విని, ఆ తెల్లవారుజామునే సినిమావాళ్లు వచ్చారు. ఆచారాల సంగతి చూసే మద్దయ్య మొదట ససేమిరా అన్నాడు. తర్వాత ఆయనకో తెలివి పుట్టింది. "మనుషులు మాత్రం మాతో పాటు బయటికి రావల్ల. కెమెరాలు పెట్టేసి రాండి. వాటికేమన్నా పాణముండాదా?" అన్నాడు. పక్కింటి భీమమ్మ ఊరుకోకుండా, "కన్నయితే ఉండాది గదా మామా?" అంది. "నోరు మూసుకోమ్మే, అన్నీ నీకే తెల్సు!" అని కసిరాడు. ఆ రోజంతా ఊరిజనం, సినిమా జనం కలిసి పొలిమేర అవతల వేపచెట్ల కింద కూర్చుని సద్దిరొట్టెలు తిన్నారు. ఊర్లో కెమెరాలు వాటంతట అవి తిరుగుతూనే ఉన్నాయి.

సరే, హాలు సంగతికొద్దాం. మొదటి సగమంతా ఒకటే గోల. తెరమీద ఎవడో దగ్గగానే వెనక వరసలో ఆదోని కుర్రాడొకడు కావాలని ఖళ్లుఖళ్లున దగ్గాడు. "ఒరే, మాస్కు పెట్టుకోరా నాయనా!" అని ఇంకొకడు అరిచాడు. హాలంతా నవ్వులే నవ్వులు. శవాలను ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి గుంతలోకి జారవిడిచే సీను రాగానే ఆ నవ్వులు ఆగిపోయాయి. ముందు వరసలో బురఖా వేసుకున్న పెద్దావిడ "యా అల్లా" అంటూ కళ్లు తుడుచుకుంది. అలాంటి చావులు చూసిన ఇళ్లు ఆ హాల్లో తక్కువేమీ కాదు.

ఇంటర్వెల్‌లో అందరూ ఉగ్గాని బజ్జీల మీద పడితే స్వప్న ఒక మూలకు పోయి ఇంటికి ఫోన్ చేసింది.

"పండుకోనుండాదిలే. జొరం అట్లే ఉండాది," అంది వీరమ్మ. ఆగి, గొంతు తగ్గించి, "ఏం ఊరే తల్లీ ఇది... కుక్క గూడా అరుస్తాండలేదు. అందరూ పోతిరి, తాళాలేసి."

అప్పుడు గానీ స్వప్నకు తట్టలేదు. అంటే ఊరు మళ్లీ ఖాళీ అయింది. ఈసారి చాటింపు లేదు, ఏమీ లేదు. అందులో తన బిడ్డ ఉంది!

"మనం పోదామప్పా," అని ఈరేష్ చెయ్యి పట్టుకుంది.

"మన సీనొచ్చేది ఇప్పుడే. అది సూసి పోదాం, ఉండు."

వచ్చింది. వచ్చీ రాగానే ఊరిజనం ఎగిరి గంతేశారు. ఈలలు, కేకలు, చింపిన కాగితాలు. "అదో మా ఇల్లు!" "మా ఎద్దుల గాటిపాడ సూడరా!" పొడుగ్గా వీధి, తెల్లటి ఎండ, రెండు వైపులా తాళాలు వేసిన తలుపులు. దగ్గర్లో పెద్దగా కనిపిస్తున్నది స్వప్న వాళ్ల ఇల్లే. ఈరేష్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

అప్పుడు సంగీతం ఆగింది.

వీధి ఆ చివర ఒక ఆడమనిషి కనిపించింది.

జుట్టు విరబోసుకుని ఉంది. మొహం తలుపుల వైపే తిప్పుకుని నడుస్తోంది. ఒక్కో ఇంటి దగ్గరా ఆగుతుంది. తాళాన్ని తడిమి చూస్తుంది. తలుపుకు చెవి ఆనించి వింటుంది. మళ్లీ ఇంకో ఇంటికి పోతుంది. తొందరేమీ లేదు.

"ఎవురన్నా ఆమె, హీరోయినా?" అని ఆదోని కుర్రాళ్లు నవ్వుతున్నారు. ఊరివాళ్ల ఈలలు మాత్రం ఒక్కో వరసే ఆగిపోయాయి. ఎందుకంటే వాళ్లకు తెలుసు. ఆ రోజు ఊర్లో మనిషన్నవాడు లేడు. సినిమావాళ్లు కూడా తమ పక్కనే కూర్చుని రొట్టె తిన్నారు. మద్దయ్య సీట్లోంచి సగం లేచి, కుర్చీ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

ఆమె దగ్గరికొస్తోంది... ఇంకా దగ్గరికి... భీమమ్మ ఇంటి తాళం తడిమింది. వదిలేసింది.

స్వప్న ఇంటి ముందు ఆగింది.

ఆ తలుపుకు తాళం లేదు.

స్వప్న సీట్లో ముందుకు వంగి చూసింది. ఆ రోజు తాళం వేసింది తనే. రెండుసార్లు లాగి చూసి, తాళంచెవి కొంగుకు ముడి వేసుకుంది. ఇదెట్లా...? తెరమీద ఆ చెయ్యి తలుపును నెట్టింది. తలుపు మెల్లగా తెరుచుకుంది. ఆమె గడప దాటింది. తలుపు మూయడానికని ఇటు తిరగబోయింది...

స్వప్న చూడలేకపోయింది. కళ్లు గట్టిగా మూసుకుని తల ఒళ్లోకి వంచేసింది.

చీకట్లో చెవులకే తెలిసింది. హాల్లో ఒక్కసారిగా అందరూ ఊపిరి లోపలికి పీల్చుకున్న చప్పుడు. ఆ తర్వాత... ఏమీ లేదు. ఈల లేదు. దగ్గు లేదు. చంటిపిల్లల ఏడుపు కూడా లేదు.

తల ఎత్తేసరికి తెరమీద వేరే సీను, ఏదో ఆసుపత్రి. ఊరివాళ్లెవరూ తెర చూడటం లేదు. ముందు వరసల వాళ్లు మెడలు వెనక్కి తిప్పారు. పక్క వరసల వాళ్లు ఇటు తిరిగారు. అందరూ స్వప్ననే చూస్తున్నారు.

"ఏమప్పా... ఏం కనపడింది?"

ఆమె మళ్లీ పట్టుకోబోతే ఈరేష్ చెయ్యి మెల్లగా వెనక్కి లాక్కున్నాడు.

"భీమక్కా, ఎవురు ఆమె? సెప్పక్కా!"

భీమమ్మ ఆమె మొహంలోకి పరీక్షగా చూసింది. గుసగుసగా అడిగింది. "ఆ పొద్దు నువ్వు... మా పక్కనే కూసోనుంటివి గదా? పిల్లను ఒళ్లో ఏసుకోని?"

"ఉంటిని గదక్కా!"

"ఊఁ... ఉంటివి." ఆ మాట అని భీమమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

స్వప్న బయటికి పరుగెత్తింది. ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది, వీరమ్మ ఎత్తలేదు. ఈరేష్ వచ్చి ఆటో తీశాడు. ఆలూరు దాటినా వెనక్కి తిరిగి చూడలేదు. వెనక సీటు కనిపించే అద్దాన్ని కూడా పైకి తిప్పేశాడు. దేవుడా, నా బిడ్డ, నా బిడ్డ అనుకుంటూ స్వప్న దారి పొడుగునా ఏడ్చింది.

ఊరు చేరేసరికి పొద్దు గూకుతోంది. వీధిలో అన్ని తలుపులకూ తాళాలే. తమ తలుపు ఒక్కటే బార్లా తెరిచి ఉంది. వీరమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. స్వప్నను చూడగానే నోరు తెరిచింది. తల తిప్పి ఇంట్లోకి చూసింది. మళ్లీ స్వప్నను చూసింది.

"అత్తా! పాపకు జొరం ఎట్లుండాది?"

"త... తగ్గిపాయ గదా. నువ్వొచ్చి తడిగుడ్డతో ఒళ్లు తుడిస్తివి... బువ్వ పెడితివి..."

అప్పుడు మేఘన గడపలోకి వచ్చింది. నున్నగా తల దువ్వి, గట్టిగా జడలు వేసి ఉన్నాయి. కళ్లు తేటగా ఉన్నాయి. జ్వరం ఆనవాలు కూడా లేదు.

"బంగారూ, రా తల్లీ!" స్వప్న రెండు చేతులూ చాచింది.

పిల్ల రాలేదు. వెనక్కి జరిగి, పెదాల మీద వేలు పెట్టుకుంది.

"గట్టిగ మాట్లాడొద్దు... మాయమ్మ పండుకోనుండాది." ఆ తర్వాత తండ్రి వైపు తిరిగి మెల్లగా అడిగింది. "నాయనా, ఈమె ఎవురు?"

ఈరేష్ రెండంగల్లో గడప దాటి పిల్లను ఎత్తుకున్నాడు. ఎత్తుకుని అక్కడే ఆగిపోయాడు. బయట నిలబడిన స్వప్నను చూశాడు. లోపలి చీకటి వైపు చూశాడు. ఎటు కదలాలో అతనికి తెలియలేదు.

లోపల మంచం కిర్రుమంది. ఎవరో లేచి కూర్చున్నారు.

"ఎవురప్పా వచ్చింది?" అని లోపలి నుంచి స్వప్న గొంతు అడిగింది.