పదారో గని మీద ఎర్రకన్ను

బేతంచెర్ల నుంచి కర్నూలు రోడ్డెక్కడానికి రెండు తోవలు. ఒకటి రైల్వేగేటు మీదుగా, రెండోది నాపరాయి గనుల మధ్యగా. గనుల తోవే దగ్గర. అయినా పొద్దుగూకితే అటు ఎవరూ పోరు. ఆ తోవలో పదారో గని ఉంది.

రాయి అయిపోయి వదిలేసిన గని అది. నిలువునా నలభై అడుగుల లోతు, అడుగున పాచి నీళ్లు. పక్కనే పనికిరాని బండముక్కలు పోసీ పోసీ పెరిగిన గుట్ట. పదకొండేళ్ల కింద అంచు విరిగి ముగ్గురు కూలీలు ఆ నీళ్లలో పోయారు. ఆ తర్వాత కొన్నేళ్లకు మొదలైంది… రాత్రిపూట గుట్ట మీద ఎర్రటి కన్నొకటి తెరుచుకుంటుందనీ, ఆడగొంతు ఏదో గొణుగుతుందనీ.

ఆ దెయ్యానికి ఒక వరస కూడా ఉంది. ఒకనాడు రాత్రి రెండు గంటలకు కనిపిస్తే, మూడో రాత్రి పదకొండుకు కనిపిస్తుంది. ఆ పై మూడో రాత్రి దీపాలు పెట్టే వేళకు. తర్వాత పదిహేను రోజులు జాడ ఉండదు. అదీ చలికాలంలోనే. లారీ డ్రైవర్లందరికీ ఈ వరస నోటికొచ్చు. వేళపాళ తెలిసిన దెయ్యం మామూలు దెయ్యం కాదని ఇంకా ఎక్కువ భయపడేవారు.

మా మామ గాబ్రియేలు మాత్రం నవ్వేవాడు. ముప్పై ఏళ్లుగా బండల లారీ తోలుతున్నాడు, క్రైస్తవ మందిరంలో సంఘపెద్ద. "దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. తాగినోళ్ల కండ్లకు కనపడేదంతా దెయ్యమే" అనేవాడు.

ఇది ఆయన నోట విన్నదే. గని నంబరు మార్చి చెప్తున్నాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

మొన్న డిసెంబరులో మా అత్త రాహేలమ్మకు కడుపునొప్పి వచ్చి కర్నూలు ఆసుపత్రిలో చేర్చారు. కూతురు దీవెన తోడుంది. మామ లోడు దించి ఇల్లు చేరేసరికి రాత్రి పది. కాళ్లు కడుక్కుంటుండగా ఫోను మోగింది.

"నాయనా… అమ్మకు లోపల పుండు పగిలిందంట. ఇప్పుడే ఆపరేషనంట. లోపలికి తీస్కపోతాండారు… నువ్వు రా నాయనా."

మామ మోటారుసైకిలు తీశాడు. రైల్వేగేటు పడి ఉంది. గూడ్సు బండి గేటుకు అడ్డంగా నిలబడిపోయింది. ఎంతసేపో ఎవరికీ తెలియదు. మామ ఒక్క నిమిషం చూశాడు. బండి వెనక్కి తిప్పి గనుల తోవ పట్టాడు.

చంద్రుడు లేని రాత్రి. రెండు వైపులా తెల్లటి రాతి గుట్టలు, మధ్యలో గతుకుల మట్టిదారి. చలికి చేతులు కొయ్యబారుతున్నాయి. పదారో గని దగ్గరికి రాగానే… టక్కుమని చప్పుడు. బండి ఆగిపోయింది.

చైను ఊడింది.

దిగి కూర్చున్నాడు. సెల్లు లైటు వేద్దామంటే ఛార్జింగు నాలుగు శాతమే ఉంది. దీవెన మళ్లీ చేస్తే? లైటు వేయలేదు. చీకట్లోనే తడుముతూ చైను ఎక్కిస్తున్నాడు. అంతా నిశ్శబ్దం. కీచురాయి కూడా లేదు.

అప్పుడు వినిపించింది… పైనుంచి.

"చస్తాంది…"

మామ చేతులు ఆగిపోయాయి.

"చస్తాంది… చస్తాంది… సగానికి పైనే చచ్చింది…"

ఆడగొంతు. ఏడుపు కాదు, నవ్వు కాదు. పక్కన కూర్చున్నవాళ్లకు చెప్తున్నట్టు మెల్లగా, ఓపికగా. మామ తల ఎత్తాడు. గుట్ట కొన మీద ఎర్రటి కన్ను. తెరుచుకుంది… మూసుకుంది… మళ్లీ తెరుచుకుంది.

ప్రార్థన చేద్దామంటే ఒక్క మాట గుర్తుకు రాలేదు. చైను ఎలా ఎక్కిందో ఎక్కింది. కిక్కు కొడితే బండి కదులుతుంది. కాలు కిక్కు మీద పెట్టాడు కూడా.

"ఇంగ కొంచేపే. ఇంగ కొంచేపట్లో పూర్తిగా…"

రాహేలు!

ఆ మాట తగిలాక మామ పోలేకపోయాడు. "పారిపోదామనే అనుకున్యా రా" అని నాతో చెప్పాడు. "కానీ, అది చెప్తాండేది రాహేలు గురించే అయితే? యింటికాడ్నుంచి నా యెంట వచ్చింది అదే అయితే? అడగకుండా యెట్ల పోయేది?"

బండి స్టాండు వేసి గుట్ట ఎక్కడం మొదలుపెట్టాడు.

బండముక్కలు కాలికింద జారుతున్నాయి. ఒక్కో అడుగుకూ గలగలమంటూ కిందికి దొర్లుతున్నాయి. కొన్ని దొర్లి… దొర్లి… చప్పుడు ఆగిపోయి… చాలాసేపటికి నీళ్లలో పడ్డ శబ్దం. గని ఏ వైపుందో చీకట్లో తెలియడం లేదు.

సగం ఎక్కేసరికి ఎర్రకన్ను ఆరిపోయింది. గొంతు ఆగిపోయింది.

"ఎవురు?" మామ అరిచాడు. "ఎవురు చస్తాండేది? చెప్పు! నా పెండ్లామేనా?"

ఇంకో అడుగు వేశాడు. పైన ఏదో కదిలింది. తెల్లగా… తల నుంచి కాళ్ల దాకా ఒకటే తెలుపు. జుట్టు కూడా తెలుపే. లేచి నిలబడింది.

"అడుగెయ్యొద్దు."

మామ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపాడు.

"నువ్వు అంచు మీద ఉండావు. ఇంగ జానెడే. నీ ఎడంచేతి దిక్కు జరుగు… ఆఁ… ఇంగొంచెం… ఇప్పుడు ఎక్కి రా."

మామ ఎక్కాడు. ఎందుకు ఆ మాట విన్నాడో ఆయనకే తెలియదు. పైకి చేరి కూలబడ్డాడు. ఎర్రకన్ను మళ్లీ వెలిగింది. ఆ వెలుతురు పడింది ఒక పుస్తకం మీద.

పక్కన చేతిగడియారం. ఒక నోటుబుక్కు. ఎర్ర కాగితం చుట్టిన టార్చిలైటు.

"గాబ్రియేలన్నా? నువ్వేనా?"

అప్పుడు చూశాడు ముఖం. తను వారానికి మూడుసార్లు లోడు ఎత్తే ఫ్యాక్టరీలో పాలిష్ మిషను దగ్గర పనిచేసే మనిషి. నాగలక్ష్మమ్మ అందాం. ఒంటినిండా రాతిపొడి. సాయంత్రం పని దిగి స్నానం కూడా చేయకుండా నేరుగా ఇటు వచ్చినట్టుంది. తెల్లటి దుప్పటి కప్పుకుని ఉంది.

"యెవురు చస్తాండేది?" మామ మళ్లీ అదే అడిగాడు.

"నీ ఇంట్ల ఎవురికీ కాదన్నా. అదో…" ఉత్తరం దిక్కుకు వేలు చూపింది. నడినెత్తికి కాస్త కిందగా ఒక చుక్క. "ఆ చుక్క."

మామకు ఏడుపొచ్చింది. నవ్వూ వచ్చింది. రెండూ కలిసి ఏదో చప్పుడు వచ్చింది నోట్లోంచి.

పాలిష్ చేసిన బండలకు గీతలు పడకుండా మధ్యన పెట్టడానికి ఫ్యాక్టరీకి పాత కాగితాలు మూటలుగా వస్తాయి. నాలుగేళ్ల కింద ఒక మూటలో పుస్తకాలు వచ్చాయట. ఎవరో చనిపోయిన అయ్యవారివి… చుక్కల గురించి, గ్రహాల గురించి, పైకి పంపే రాకెట్ల గురించి. చింపమని ఈమెకే ఇచ్చారు. ఏడో తరగతి చదివిన మనిషి. చింపబోతూ ఒక పేజీ చదివింది. తర్వాత చింపలేకపోయింది. పైటకొంగు కింద దాచి, రోజుకొకటి చొప్పున ఆరు పుస్తకాలు ఇంటికి తెచ్చుకుంది.

"ఆ చుక్క పేరు అల్గోల్. అరబ్బోళ్లు పెట్టిన పేరంట. దెయ్యం అని అర్థం. చూస్తాండంగానే మసకబారుతాదని, మళ్లా వెలుగుతాదని వాళ్లకు భయం. అది ఒక చుక్క గాదన్నా, రెండు. మసకది వచ్చి వెలుగుదానికి అడ్డం పడుతాది. రెండు రోజుల ఇరవై గంటల నలభై తొమ్మిది నిమిషాలకొకతూరి. పుస్తకంలో అట్ల రాసుండాది. నిజమో అబద్ధమో చూద్దామని వచ్చినా."

"నిజమేనా?"

"నాలుగేండ్ల సంది చూస్తాండా. మబ్బు పట్టిన దినం తప్ప ఒక్కతూరి గూడా మాట తప్పలేదు." నోటుబుక్కు తిప్పి చూపించింది. "నేను చూసినోళ్లల్ల అట్ల మాట మీద నిలబడింది అదొక్కటే."

"దానికి ఈడికే రావల్నా తల్లీ? ముగ్గురు పోయిన తావు…"

"ఊరంతా ఫ్యాక్టరీల లైట్లే గదా. చీకటి ఈడనే ఉండాది." పుస్తకం మూసింది. "ఆ ముగ్గుర్ల మా ఆయన ఒకడు. నన్నేం చేస్తాడు?"

"జనాలు దెయ్యం దెయ్యమంటాండారు. నువ్వు కాదని చెప్పొచ్చు గదా?" అన్నాడు మామ.

ఆమె గుసగుసగా అంది…

"దెయ్యమనుకుంటే ఎవురూ దగ్గరికి రారన్నా. ఒంటరి ఆడదని తెలిస్తే?"

కింద గనిలో చిన్న రాయి నీళ్లలో పడింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

మామ లేచాడు. అత్త సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు. ఆమె టార్చికి చుట్టిన ఎర్ర కాగితం విప్పి, తెల్లటి వెలుతురులో ఆయన్ను దారి దాకా దించింది. ఎర్ర వెలుతురు కళ్లను చెదరగొట్టదని, తెల్లది పడ్డాక కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుందని, ఆ రాత్రి చూడాల్సింది ఆమెకు తప్పిపోయిందని మామకు తర్వాతెప్పుడో తెలిసింది.

"పో అన్నా. మూడు గంటలకు పడమర దిక్కు చూడు. అది మళ్లా నిండుగా ఉంటాది."

ఆయన కర్నూలు చేరేసరికి పన్నెండున్నర. ఆపరేషను గది తలుపు మూసే ఉంది. దీవెన బెంచీ మీద ముడుచుకుని కూర్చుంది. ఒంటిగంట. రెండు. ఎవరూ బయటికి రాలేదు.

మూడింటికి మామ ఆసుపత్రి మిద్దె ఎక్కాడు. ఊరి లైట్లు, పొగమంచు. పడమర నాలుగైదు చుక్కలున్నాయి. అందులో ఏది ఏదో గుర్తుపట్టలేకపోయాడు. అయినా అన్నిటినీ చూస్తూ నిలబడ్డాడు. కిందికి వచ్చేసరికి నర్సు దీవెనతో మాట్లాడుతోంది. దీవెన ఏడుస్తోంది… నవ్వుతూ.

"చుక్కకూ దానికీ సంబంధం లేదని నాకు తెలుసు" అన్నాడు మామ నాతో. "దేవుని దయ, డాక్టరమ్మ చెయ్యి. కానీ, ఆ మూడు గంటల దాకా నేను నిలబడింది మాత్రం ఆ యమ్మ మాట మీదనే."

జనవరి చివర. లారీ స్టాండు దగ్గర టీకొట్టు. నేనూ మామ పక్కనే ఉన్నాను. అప్పటికి నాకింకా ఇదేమీ తెలియదు. ఓబుళేశు అని కొత్తగా చేరిన కుర్ర డ్రైవరు పదిమందిని పోగేసి చెప్తున్నాడు.

"ఈతూరి మూడో రాత్రికి ఐదుమందిమి పోతాండాం. కట్టెలు తీస్కోని. చుట్టూ కమ్ముకుంటే యాడికి పోతాది? దెయ్యమో, ఎవతన్నా మంత్రగత్తెనో… సెల్లులో వీడియో తీసి మరీ తేల్చుకోనొస్తాం."

మామ టీ గ్లాసు కింద పెట్టాడు. ఎక్కువ లోడు వేస్తే పోలీసుకు కూడా ఉన్నదున్నట్టు చెప్పేసే మనిషి ఆయన. జీవితంలో అబద్ధమాడగా నేను వినలేదు.

"పోవద్దప్పా" అన్నాడు.

అందరూ తిరిగి చూశారు. దెయ్యం లేదని నవ్వే గాబ్రియేలు!

"నేను చూసినా."

టీకొట్టాయన స్టవ్వు తగ్గించాడు. ఓబుళేశు గొంతు తగ్గింది. "ఏం చూస్తివి మామా? మొహం చూస్తివా?"

"మొహం ల్యాదు."

"మరి?"

మామ నుదుటి మీద చెమట నిజంగానే పట్టింది.

"కాళ్లుండాయి… ఎనక్కి తిరిగి ఉండాయి."

ఆ మూడో రాత్రి పదారో గని వైపు ఎవరూ పోలేదు. ఇంతవరకూ పోలేదు.

ఆ ఆదివారం మందిరంలో మామ పెద్దల వరసలో కూర్చోలేదు. వెనక, చెప్పులు విడిచే తలుపు దగ్గర, తల వంచుకుని కూర్చున్నాడు.