కొట్టేసిన పదకొండు పేర్లు

పొద్దున్నే అత్తగారికి టీ ఇచ్చి, కళ్ళలో చుక్కల మందు వేసి, పేపరు చేతికందించి కోడలు బడికి తయారవుతోంది. ఊళ్ళో కోడల్ని చరిత్ర టీచరంటారు. అత్తగారిని మాత్రం ఇప్పటికీ పెద్ద టీచరమ్మ అనే అంటారు. అదే బడికి ఆవిడ ముప్పయ్యేళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసింది. రిటైరై ఇరవయ్యేళ్ళయినా, ఆవిడ కర్ర పట్టుకుని వీధిలోకి వస్తే నడివయసు మనుషులు కూడా సైకిలు దిగి నిలబడతారు.

"ఏమ్మాయ్, ఏడో తరగతి వాళ్ళకి రాజులూ యుద్ధాలూ అయిపోయాయా?" అనడిగింది అత్తగారు.

"అయిపోయాయత్తయ్యా. ఇప్పుడు మన బడి చరిత్రే చెబుతున్నాను. పుస్తకంలో పేరు లేనివాళ్ళు ఎవరో, ఎందుకు లేరో పిల్లలే వెతకాలి. వాళ్ళు రాసింది డెబ్భై అయిదేళ్ళ పండక్కి గోడ మీద పెడతాం."

"బావుంది. మా రోజుల్లో పుస్తకంలో ఉన్నవాళ్ళ గురించి చెప్పడానికే టైము చాలేది కాదు" అని నవ్విందావిడ.

ఇంతలో కోడలి భర్త గడ్డం గీసుకుంటూనే వచ్చాడు. పాత విద్యార్థుల సంఘానికి అధ్యక్షుడతను. బడిలో కొత్తగా కట్టిన హాలుకి ఆ పండగ రోజున తల్లి పేరు పెట్టించాలని ఏడాదిగా కాళ్ళరిగేలా తిరిగి, మొత్తానికి సాధించాడు.

"అమ్మా, అక్షరాలు తయారయ్యాయి. ఇత్తడివి. దూరం నుంచి కూడా తళతళలాడతాయి."

"ఎందుకురా నాకివన్నీ" అందే గానీ ఆవిడ మొహం వెలిగిపోయింది.

ఆ రోజు మూడో పీరియడులో పిల్లలు స్టోరు గదిలోంచి పాత హాజరు పట్టీలు మోసుకొచ్చారు. దుమ్ముకి తుమ్ములే తుమ్ములు. ఒక్కో జట్టు ఒక్కో సంవత్సరం తీసుకోవాలి. ఆడపిల్లలెంతమంది, తండ్రులు ఏం పని చేసేవాళ్ళు, ఎవరు మధ్యలో మానేశారు, ఎందుకు మానేశారు, అన్నీ లెక్క కట్టాలి. క్లాసంతా చేపల మార్కెట్‌లా ఉంది.

ముందు బల్ల దగ్గర కూర్చున్న పిల్ల మాత్రం అలికిడి లేకుండా ఉండిపోయింది. క్లాసులో అందరికన్నా చిన్నగా ఉంటుందని ఆ పిల్లని పొట్టి అని పిలుస్తారు. దాని ముందున్న పట్టీ యాభయ్యేళ్ళ కిందటిది. ఒకే పేజీలో పదకొండు పేర్ల మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీతలున్నాయి. అందరికీ ఒకటే తేదీ. తండ్రి వృత్తి అన్నచోట అందరికీ 'మురుగు కాలువ పని' అనే ఉంది. పక్కన అచ్చుగుద్దినట్టున్న అక్షరాలతో 'ఊళ్ళో జబ్బు కారణంగా తొలగించడమైనది' అని రాసి ఉంది.

"టీచర్, ఈ ఏడో పేరు మా అమ్మమ్మది. తను అసలు బడికే వెళ్ళలేదని చెప్పేది" అంది పొట్టి.

టీచరు గుండెల్లో రాయి పడింది. అది ఆ పేరు చూసి కాదు. అవే అక్షరాలతో ఇంట్లో వంటగది గోడకి రోజూ సరుకుల చీటీ వేలాడుతూ ఉంటుంది. సంతకం చూడకుండానే ఆ రాత ఎవరిదో ఆమెకి తెలిసిపోయింది.

"కాలువ వాళ్ళ వల్లే జబ్బొచ్చి ఉంటుంది టీచర్. అందుకే తీసేసుంటారు" అన్నాడొక అబ్బాయి.

"ఉంటుంది అంటే చాలదు. ఆధారం వెతుకు" అంది టీచరు.

వాడు నిజంగానే వెతికాడు. అదే ఏడాది ఫైల్లో ఆరోగ్య శాఖ పంపిన ఉత్తరం దొరికింది. మార్కెట్ వీధిలో మంచినీళ్ళ గొట్టం పగిలి వాంతులూ విరేచనాలూ వ్యాపించాయనీ, కాలువ పనివాళ్ళ ఇళ్ళవైపు నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయనీ అందులో ఉంది. పేర్లు కొట్టేసిన ఆరు వారాలకి వచ్చిందది. కింద 'చూశాను' అని అదే చేతిరాత. వాడు పట్టీకేసీ, ఉత్తరంకేసీ చూసి, పొట్టి మొహంలోకి చూడలేక తల దించుకున్నాడు. పొట్టి ఆ పదకొండు పేర్లూ, ఉత్తరం సంగతీ ఒక కాగితం మీద రాసి గోడ మీది అట్టకి అంటించింది.

సాయంత్రం వంటగదిలో ఆమె భర్తకి అంతా చెప్పింది.

"ఆ కాగితం తీసెయ్" అన్నాడతను వెంటనే.

"పిల్లలు కనిపెట్టిందండీ అది. వాళ్ళ చేత వెతికించి, దొరికాక దాచేస్తే ఇక నేను చెప్పేదేముంది?"

"పన్నెండేళ్ళ పిల్లలకి ఎందుకివన్నీ? అమ్మకి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆవిడ పేరు పెడుతున్న రోజునే ఆవిడ మొహాన మసి పూస్తావా?"

"నేనేం పూయడం లేదు. పట్టీలో ఉన్నదే."

"నీకా బడిలో ఉద్యోగం ఎవరి మాట మీద వచ్చిందో అది కూడా పట్టీలో రాయించు మరి."

ఆ మాటకి ఆమెకి తల కొట్టేసినట్టయింది. పదేళ్ళలో ఎప్పుడూ అనని మాట అది. మర్నాడు పిల్లలు రాకముందే వెళ్ళి, గోడ మీది అట్టల్లోంచి ఆ ఒక్క కాగితం ఊడదీసి సొరుగులో పెట్టింది.

పొట్టి వచ్చి ఖాళీగా ఉన్న చోటు చూసింది.

"చోటు చాల్లేదమ్మా" అంది టీచరు, సుద్దముక్కలు సర్దుతూ. కాగితం ఉన్నచోట అరచెయ్యి వెడల్పున గోడ కనబడుతూనే ఉంది.

"పర్లేదు టీచర్. అమ్మమ్మ ముందే చెప్పింది, ఆ కాగితం ఉండనివ్వరు చూడు అని."

కోపంగా అన్నా బావుండేది. సర్ది చెబుతున్నట్టు అంది ఆ పిల్ల.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా టీచరు అత్తగారి ముందు కూలబడి, సంచీలోంచి ఆ కాగితం తీసి ఒళ్ళో పెట్టింది.

"అత్తయ్యా, ఒకప్పుడు మీరు కొట్టేసిన పేర్లు. వీళ్ళలో ఏడో పేరామె మనవరాలు నా క్లాసులోనే చదువుతోంది. ఇవాళ నేను మళ్ళీ కొట్టేశాను."

పెద్ద టీచరమ్మ కళ్ళజోడు సవరించుకుని చదివింది. ఒక్కో పేరు మీదా వేలు పెట్టి చదివింది. అప్పుడే ఇంట్లో అడుగు పెట్టిన కొడుకు అది చూసి గబగబా వచ్చాడు.

"ఏమిటే నువ్వు చేసేది! అమ్మా, నువ్వు పట్టించుకోకు. ఆ రోజుల్లో ఊరంతా నీ మీద పడి ఒత్తిడి చేసుంటారు. నీ చేతుల్లో ఏముంది?"

"ఊరంతానా?" అందావిడ. "కాలువ పనివాళ్ళ పిల్లల్ని తీసెయ్యమని నలుగురొచ్చార్రా. నలుగురే. కుదరదు వెళ్ళండని ఒక్క కసురు కసిరితే పోయేవాళ్ళు."

"మరి..."

"హెడ్‌మిస్ట్రెస్‌నయి అప్పటికి మూణ్ణెల్లు. ఎవరూ నన్నొక మాట అనకూడదని ఉండేది. అదొక్కటే కాదు. ఆ పిల్లలు దగ్గరికొస్తే నాకూ ఒళ్ళు జలదరించేది. వంక దొరికింది. కొట్టేశాను."

కొడుకు కుర్చీలో కూర్చుండిపోయాడు. చిన్నప్పట్నుంచీ అతనికి తెలిసిన కథ వేరు. జబ్బు రోజుల్లో బడి మూతపడకుండా కాపాడిన తల్లి కథ అది.

"హాలుకి నా పేరు వద్దని చెప్పెయ్. అమ్మాయ్, ఆ ఏడో పేరు పిల్ల ఎక్కడుంటుందో అక్కడికి నన్ను తీసుకెళ్ళు."

పంపుహౌసు వెనక ఒకే గోడకి ఆనుకుని వరసగా పద్దెనిమిది గదులున్నాయి. పొట్టి అమ్మమ్మ గుమ్మంలో కూర్చుని మనవరాలి యూనిఫారం ఉతుకుతోంది. ముప్పయ్యేళ్ళు బస్టాండు మరుగుదొడ్లు కడిగిన మనిషి. వేళ్ళ చివర్లు యాసిడ్ తినేసినట్టున్నాయి. వచ్చిందెవరో చూసి లేవబోయి, మళ్ళీ ఏమనుకుందో లేవకుండానే ఉండిపోయింది.

"నన్ను గుర్తుపట్టారా?" అంది పెద్ద టీచరమ్మ.

"ఎక్కడ మర్చిపోతాను టీచరమ్మా. జబ్బు తగ్గాక రమ్మన్నారు కదా. నేనూ మా తమ్ముడూ నెల్లాళ్ళపాటు ప్రతి సోమవారం గేటు దగ్గరికొచ్చాం. వాడు మోచేతులదాకా సబ్బు పెట్టి తోముకుని వచ్చేవాడు. శుభ్రంగా ఉన్నాయి చూడు, చూడు అని వాచ్‌మన్‌కి చేతులు చూపించేవాడు. వాడికి లెక్కలు బాగా వచ్చేవి."

"తమ్ముడిప్పుడు..."

"పంతొమ్మిదో ఏట కాలువలోకి దిగాడు. లోపల గ్యాసు కొట్టి, మరి పైకి రాలేదు."

కోడలు మొహం పక్కకి తిప్పుకుంది. పెద్ద టీచరమ్మ కర్ర గోడకి ఆనించి చేతులు జోడించింది.

"తప్పు చేశాను. నన్ను క్షమించమ్మా."

అమ్మమ్మ సబ్బు నురగ విదిలించి, చొక్కా పిండుతూ కూర్చుంది.

"క్షమించడమంటే ఏం చెయ్యాలో నాకు తెలీదు టీచరమ్మా. చేతనైతే ఎప్పుడో చేసి, ఈ బరువు దింపుకునేదాన్ని. బడికే వెళ్ళలేదని సొంత మనవరాలితో అబద్ధం చెప్పాను. గెంటేశారని చెప్పాలంటే సిగ్గేసింది. సిగ్గు నాకెందుకుండాలో చెప్పండి."

పిండిన చొక్కా దులిపి పక్కన పెట్టింది.

"తప్పు చేశానన్న ఆ మాటేదో పిల్లల ముందు చెప్పండి. నేను చెబితే ముసలిదాని గోల అంటారు. మీరు చెబితే రాసుకుంటారు."

మర్నాడు మూడో పీరియడులో చరిత్ర టీచరు ముందుగా ఆ కాగితాన్ని దాని చోట అంటించింది. "నిన్న చోటు చాల్లేదన్నది అబద్ధం. భయపడి తీశాను" అని పిల్లలతో చెప్పింది. తర్వాత కుర్చీ వేసి అత్తగారిని కూర్చోబెట్టింది. తల్లిని దింపడానికొచ్చిన కొడుకు వెళ్ళిపోకుండా వెనకబల్ల మీద ఇరుక్కుని కూర్చున్నాడు.

పెద్ద టీచరమ్మ ఏదీ దాచలేదు. నలుగురి సంగతీ చెప్పింది, తన అసహ్యం సంగతీ చెప్పింది. ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పిన గొంతు మాటమాటకీ తడబడింది. పిల్లలు రాసుకున్నారు.

"అడగవలసింది ఏమైనా ఉంటే అడగండి" అంది టీచరు.

పొట్టి లేచి నిలబడింది. "నీళ్ళ గొట్టం వల్లే అని ఉత్తరం వచ్చాక మా అమ్మమ్మ వాళ్ళని మళ్ళీ ఎందుకు పిలవలేదండీ?"

పెద్ద టీచరమ్మ నోరు తెరిచింది. జవాబు వెతుక్కుంటున్నట్టు కిటికీలోంచి బయటికి చూసింది.

"మర్చిపోయాను" అంది చివరికి. "ఉత్తరం చదివి ఫైల్లో పెట్టుకున్నాను. పదకొండు మంది పిల్లలు రావడం లేదన్న సంగతి తర్వాత ఒక్కరోజు కూడా నాకు గుర్తు రాలేదు తల్లీ."

ఆ మాట అన్నాక గానీ అదెంత మాటో ఆవిడకే తెలియలేదు. కళ్ళజోడు తీసేసి, పైకే ఏడ్చేసింది. ఎవరూ ఓదార్చలేదు. వెనకబల్ల మీద కొడుకు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. కోడలు వెళ్ళి అత్తగారి పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. కొంచెం ఆగి, ఆవిడ ఆ చేతిని పట్టుకుంది.

పొట్టి ఇంకా నిలబడే ఉంది. పెన్ను కాగితం మీద ఆనించి, ఎటూ తేల్చుకోలేక టీచరుకేసి చూసింది.

"టీచర్, మర్చిపోయారు అనే రాయనా?"

టీచరు అత్తగారి మొహంలోకి చూసింది. ఆవిడ తడి కళ్ళతోనే తలూపింది.

"అదే రాయమ్మా" అంది పెద్ద టీచరమ్మ. "మర్చిపోయిందెవరో, దాని పేరు కూడా పూర్తిగా రాయి."