విరిగిన దేవతకు బొట్టు

మరిపెడ దాటాక మలుపులో శ్రావణ్ బైకును వెనకనుంచి గుద్దిన కారుకు నంబర్ ప్లేటు లేదు. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. బైకు దొరికింది, హెల్మెట్ దొరికింది, శ్రావణ్ శవం దొరికింది. ఫోన్ మాత్రం దొరకలేదు.

మర్నాడు మహబూబాబాద్ రైల్వే స్టేషన్‌లో, మిర్చి బస్తా మీద కూర్చున్న ఒకావిడ ముందు ఒక యువకుడు ఆగాడు.

"మిర్చి ఎట్లున్నదక్కా?"

"ముట్టుకుంటే మండుతది. దూరంకెల్లి చూడు."

కోడ్ సరిపోయింది. ఆవిడ వసంత మేడం, సీక్రెట్ సర్వీస్‌లో చీఫ్. అతను ఏజెంట్ బాలు, నర్సింహులపేట దగ్గరి తండాలో పుట్టినవాడు. వేషాలు మార్చడంలో దిట్ట అని పేరుంది. ఆ పేరు ఎక్కువగా అతనే చెప్పుకుంటాడు.

"జనగామల ఒక ట్రస్టు మ్యూజియం ఉన్నది బాలూ," మేడం గొంతు తగ్గించింది. "చేన్లల్ల, బాయిలల్ల దొరికిన విగ్రహాలన్నీ ఆడికే తెస్తరు. కేటలాగ్ రాసేది మనిషి కాదు, ఏఐ. పేరు చిత్రగుప్త. ఫోటో చూసి గిది ఏ రాయి, ఏ కాలం అని రాస్తది. మనిషి చెక్ చేసి 'సరి' అనో 'తప్పు' అనో వేలిముద్ర ఎయ్యాలె."

"శ్రావణ్ గా చెకర్‌గనే పోయిండా?"

"మనమే పంపినం. నిన్న ఒక రికార్డుకు 'తప్పు' కొట్టిండు. గా దినమే పానం తీసిండ్రు." మేడం ఒక్క క్షణం పట్టాల వైపు చూసింది. "వందేండ్లు దాటిన విగ్రహం దేశం దాటొద్దు. కొత్తదైతే దాటొచ్చు. ఎవరో పాతవాటిని చిత్రగుప్తతోని కొత్తవని రాయిస్తుండ్రు. ఎనుక విదేశీ స్మగ్లర్ల రింగ్ ఉన్నది. ఈ వారంలనే సరుకు కదుల్తది. ఆఖరి వేలిముద్ర పడ్డదంటే ఇగ మనకు దొరకదు."

"లోపల ఎవరెవరున్నరు?"

"ఫెలిక్స్ అని విదేశీ కన్సల్టెంట్. ఓదెమ్మ అని, స్టోర్ రూం ఊడ్చే ముసలవ్వ. ఇంగ అలేఖ్య. భూపాలపల్లి పిల్ల. మన ఏజెంటే, రింగ్‌లకు పంపినం. ఆరు నెలల సంది కబురు లేదు. రెండు దిక్కుల జీతం తింటున్నదని నా అనుమానం. నమ్మకు."

బాలుకు ఒక చొక్కా ఇచ్చింది. పైనుంచి రెండో గుండీలో ట్రాన్స్‌మిటర్ ఉంది. నొక్కితే మేడం వస్తుంది.

జనగామలో దిగేసరికి బాలు విజయవాడ కుర్రాడైపోయాడు. సోడాబుడ్డి అద్దాలు, నూనె రాసి పక్కకు దువ్విన తల, సినిమాలు చూసి నేర్చుకున్న కోస్తా యాస. మన యాసను వాళ్లు ఇన్నేళ్లు సినిమాల్లో వెక్కిరించారు కదా, ఆ బాకీ కొంత తీరుతోందని అతనికి లోలోపల సంతోషం.

"రండి చెకర్ గారూ!" ఫెలిక్స్ ఎదురొచ్చాడు. యాప్‌లో నేర్చిన తెలుగు. టీ కప్పుకు కూడా 'గారు' తగిలించే మర్యాద. "చిత్రగుప్త గారు రాస్తారు, మీరు వేలు పెడతారు. సింపుల్!"

పక్కన అలేఖ్య నిలబడి ఉంది. నల్ల చీర, ఎర్రటి లిప్‌స్టిక్. నవ్వింది గానీ కళ్లు నవ్వలేదు. ఆ కళ్లు బాలు చొక్కా గుండీల మీద ఒకసారి ఆగి వెళ్లాయి. తెలిసిపోయిందా అనుకుంటూ బాలు సోడాబుడ్డి అద్దాలు సర్దుకున్నాడు.

రికార్డులు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. శ్రావణ్ 'తప్పు' కొట్టింది ఏదో బాలు వెతికాడు. నల్లరాతి దేవత. కుడిచేయి మోచేతి దాకా లేదు. ముక్కు చెక్కుకుపోయింది. నుదుట ఎర్రటి బొట్టు. కింద చిత్రగుప్త రాత: "నిత్యపూజలో ఉన్న ఆధునిక విగ్రహం. నమ్మకం తొంభై ఏడు శాతం."

ఓహో, ఇదా కిటుకు! బొట్టు కనిపిస్తే చాలు, పూజలో ఉంది కాబట్టి కొత్తదే అనుకుంటోంది మెషిన్. మరి బొట్టు ఎవరు పెడుతున్నారు?

జవాబు కోసం ఎక్కువ దూరం పోనక్కర్లేదు. స్టోర్ రూంలో ఓదెమ్మ కుంకుమ భరిణె పట్టుకుని విగ్రహాల మధ్య తిరుగుతోంది.

"బొట్లు మీరే పెడతారా అండీ?" అన్నాడు బాలు.

"నేను గాకుంటే ఎవరు పెడ్తరు బిడ్డా? బోడి ముఖంతోని దేవత ఫోటో దిగుతదా? గా వెనుక రూంల ఉన్నయి మాత్రం నాకు తెల్వది. తాళంచెవి అలేఖ్యమ్మ దగ్గరుంటది."

ముసలావిడ కొంగున ఏ రింగ్ ఉందో ఎవరు చూడొచ్చారు? బాలు ఆమెను కూడా అనుమానించాడు. అతని ఉద్యోగమే అంత.

మర్నాడు పొద్దున్నే భూపాలపల్లి బస్సెక్కాడు. రికార్డు ప్రకారం ఆ దేవత దొరికింది మొగిలి అనే రైతుకు, బావి పూడిక తీస్తుంటే. మొగిలి పత్తి చేలో ఉన్నాడు.

"మంచిగుంటే ఊర్లెనే నిలబెట్టుకునేటోళ్లం సారూ," అన్నాడు మొగిలి. "చెయ్యి ఇరిగింది, ముక్కు పోయింది. ఇరిగినదానికి పూజ చెయ్యొద్దంటరు గద! పారేద్దమంటే మనసొప్పలే. గందుకే ట్రస్టోళ్లకు ఇచ్చినం. మంచిగ చూసుకుంటుండ్రా?"

"చూసుకుంటున్నారు," అన్నాడు బాలు. ఆ అబద్ధం చెప్పినందుకు సిగ్గేసింది.

తిరుగు బస్సులో సగం దారిలో నిటారుగా లేచి కూర్చున్నాడు. విరిగిన విగ్రహానికి పూజ చెయ్యరు. మరి బొట్టెందుకు ఉంది? ఓదెమ్మ చచ్చినా పెట్టదు. ఈ మూడు జిల్లాల్లో బుద్ధి ఉన్న మనిషెవరూ పెట్టరు. ఇన్నేళ్ల సర్వీసుండీ ఇంత చిన్న సంగతి నిన్న తట్టనందుకు తనను తానే తిట్టుకున్నాడు.

మధ్యాహ్నం మ్యూజియం చేరేసరికి ఆవరణలో కంటైనర్ లారీ నిలబడి ఉంది. వెనుక రూం చూడాలన్నాడు. అలేఖ్య తాళం తీసింది.

"చెక్ చేసుకోండి. అది మీ పని కదా," అంది గుమ్మానికి ఆనుకుని.

లోపల అన్నీ విరిగినవే. తల లేని నంది, కాలు లేని వినాయకుడు, చెయ్యి లేని దేవత. అన్నిటికీ బొట్లు. బాలు దేవత నుదురును బొటనవేలితో రుద్దాడు. పొడి రాలలేదు. వేలికి జిడ్డుగా, మైనంలా అంటుకుంది. కుంకుమ కాదు, లిప్‌స్టిక్. తలెత్తి అలేఖ్య పెదాల వైపు చూశాడు. అదే రంగు!

మేడం అనుమానం నిజమేనన్న మాట. శ్రావణ్‌ను చంపించింది కూడా ఈమేనా? బాలు ఇక ఆగలేదు. చెయ్యి గుండీ మీదికి పోయింది, నొక్కాడు. అప్పుడే వీపుకు పిస్టల్ తగిలింది.

"నడవండి," అంది అలేఖ్య.

ఆఫీసు గదిలో ఫెలిక్స్ కాచుకుని ఉన్నాడు. తెర మీద ఆఖరి రికార్డు, చేయి విరిగిన దేవత. బయట లారీ ఇంజన్ స్టార్ట్ అయింది.

"మీరు గుండీ నొక్కడం కెమెరాలో చూశాను, చెకర్ గారూ! బాగా లేటు చేశారు," ఫెలిక్స్ నవ్వాడు. "ఒక్క వేలిముద్ర చాలు. తర్వాత గొడవైతే కుంకుమ పెట్టింది ఓదెమ్మ గారు, 'సరి' అన్నది మీరు. జైలుకు ఆవిడ వెళ్తారు. శ్రావణ్ గారి దగ్గరికి మీరు వెళ్తారు."

తలుపు దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డ ఓదెమ్మ ఒకడుగు ముందుకేసింది. "నేనేం జేసిన సారూ? బొట్టు పెట్టుడు తప్పా?"

ఫెలిక్స్ బాలు మణికట్టు పట్టి, బొటనవేలిని బలంగా స్కానర్ మీద అదిమాడు. ఎర్ర లైటు వెలిగింది.

"వేలిముద్ర చదవలేకపోతున్నాను. దయచేసి వేలు తుడిచి మళ్లీ ప్రయత్నించండి," అంది చిత్రగుప్త ఎంతో వినయంగా.

బాలు వేలు చూసుకున్నాడు. లిప్‌స్టిక్ దట్టంగా అంటుకుని ఉంది. ఫెలిక్స్ టిష్యూ కోసం సొరుగు లాగాడు. ఆ కాస్త వ్యవధిలో బాలు మెదడు పనిచేసింది. దొరకకుండా మోసం చేయాలనుకుంటే కుంకుమే పెట్టొచ్చు కదా, భరిణె పక్కగదిలోనే ఉంది. తన పెదాల రంగు ఎందుకు పూసింది? భూపాలపల్లిలో పుట్టిన పిల్లకు విరిగినదానికి బొట్టు పెట్టకూడదని తెలియదా?

కోస్తా యాస వదిలేశాడు. "ఇరిగిన దేవతకు బొట్టెందుకు పెట్టినవ్ అలేఖ్యా?"

అలేఖ్య పిస్టల్ మెల్లగా పక్కకు తిరిగి ఫెలిక్స్ చెవి దగ్గర ఆగింది.

"గది అడగనీకి గింతసేపా అన్నా?" అంది. "కుంకుమ పెట్టమని వీడే చెప్పిండు. ఇరిగినదానికి బొట్టు పెట్టొద్దని వీనికేం ఎర్క? నా ఇంట్ల మైకులు, ఫోన్ల మైకులు, నోరిప్పే తొవ్వ లేదు. మనోళ్లెవరన్న వస్తే చూసి ఆగి ఆలోచిస్తరని ఇరిగినవాటికి పెట్టిన. నేనే అని తెల్వాలని నా లిప్‌స్టిక్ పూసిన. వీని కెమెరా ముంగట బయటపడొద్దని నీ వీపుకు పిస్టల్ పెట్టిన." పిస్టల్‌ను ఫెలిక్స్ చెవికి గట్టిగా ఆనించింది. "శ్రావణ్‌కు అర్థమైంది. ఆగకుండ 'తప్పు' కొట్టిండు. నేను ఆపలేకపోయిన."

ఫెలిక్స్ కిటికీ వైపు గెంతాడు. ఓదెమ్మ చీపురు కాళ్లకు అడ్డం పడింది. కన్సల్టెంట్ గారు బోర్లా పడ్డారు. బయట గేటు దాటబోతున్న కంటైనర్‌కు ఎదురుగా మిర్చి లారీ వచ్చి అడ్డంగా ఆగింది. దాని మీదినుంచి వసంత మేడం, వెనకాల పోలీసులు దిగారు.

సాయంత్రం బాలు మొగిలికి ఫోన్ చేశాడు. "మంచిగనే చూసుకుంటున్నరన్నా," అన్నాడు. ఈసారి సిగ్గేయలేదు. వెనుక రూంలో ఓదెమ్మ తడిగుడ్డతో దేవత నుదురు తుడుస్తూ, "ఎంత పనికోసమైనా గిట్ల చేస్తరా బిడ్డా?" అని అలేఖ్యను తిడుతూనే ఉంది. అలేఖ్య తల వంచుకుని వింటోంది.

పోలీసులు పంచనామా రాసేదాకా ఫెలిక్స్ జేబులో దొరికిన పిస్టల్‌ను స్టోర్ రూంలో బల్ల మీద పెట్టారు. కొత్తగా వచ్చిన సామాను, పైగా ఎక్కడా విరగలేదు. ఓదెమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. కేటలాగ్ కెమెరా క్లిక్‌మంది.

"ఇనుము. నిత్యపూజలో ఉన్న ఆధునిక వస్తువు. ఎవరికీ ప్రమాదం లేదు. నమ్మకం తొంభై ఏడు శాతం," అని రాసింది చిత్రగుప్త.

బాలు వేలు శుభ్రంగా తుడుచుకుని 'తప్పు' నొక్కాడు.