కిటికీ గట్టు మీద డబ్బా

అబద్ధం వల్ల ఒకరి పరువు నిలిచినా అది పాపమేనా? రోజూ దీపం వెలిగించేటప్పుడు ఏళ్లుగా నన్ను వదలని సందేహమిది.

అప్పట్లో అమీర్‌పేట సందుల్లో కంప్యూటర్ కోర్సుల బోర్డులు ఆకాశాన్ని కప్పేసేవి. వాటి కింద నాదొక జిరాక్స్ షాపు. ఓ వాన మధ్యాహ్నం, జావా నోట్స్ కోసం నిలబడ్డ కుర్రాళ్లను తప్పించుకుంటూ ఒకమ్మాయి వచ్చింది. తాను నిలువునా తడిసినా, చున్నీ కింద దాచిన కాగితం మీద చుక్క పడలేదు. రెండు వందల కాపీలు కావాలంది. పేరు మంజూష. పంజాగుట్ట బస్తీ క్లినిక్‌లో హెల్త్ వర్కర్.

కాగితం చదివి నోరు జారాను. "మల పరీక్షా అండీ?"

కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. ఆమె నన్ను తిన్నగా చూసింది.

"అవును. ఏం, మీ ఇంట్ల ఎవరూ పోరా?"

ఈసారి అందరూ నవ్వింది నన్ను చూసి.

కాపీలు తీస్తుంటే తనే చెప్పుకొచ్చింది. యాభై దాటినవాళ్లకు చిన్న డబ్బా ఇస్తారట. అందులో నమూనా తెచ్చిస్తే, కంటికి కనబడని రక్తం ఉందేమో చూస్తారట. ఉంటే కెమెరా పరీక్ష. పెద్దపేగు క్యాన్సర్‌ను ముదరకముందే పట్టుకోవచ్చట. ఇచ్చిన డబ్బాల్లో సగం కూడా తిరిగి రావడం లేదని దిగులు పడింది. ఆ దిగులు చూడలేక, మా నాన్నగారి నమూనా రేపే తెస్తానని మాటిచ్చి, ఒక డబ్బా తీసుకున్నాను.

మా నాన్నగారు అచ్యుతరావు. స్నానం, పూజ కానిదే మంచినీళ్లు ముట్టరు. డబ్బా చూడగానే, "పరాయి ఆడపిల్ల చేతికి ఇవ్వదగ్గదేనట్రా ఇది?" అని లోపలికి వెళ్లిపోయారు.

ఖాళీ చేతులతో ఆమె ముందుకు వెళ్లబుద్ధి కాలేదు. నాన్నగారి పేరు రాసి, నాది ఇచ్చాను.

వారానికి మంజూష సంబరంగా షాపుకొచ్చింది. ఏ దోషమూ లేదట. టీ కూడా తాగి వెళ్లింది. ఆ సాయంత్రమే నాన్నగారు మెట్లెక్కుతూ సగంలో ఆయాసంతో కూలబడ్డారు. కొన్ని నెలలుగా అంతే, వయసనుకున్నాం. లోపల రక్తం పోతున్నా ఇలాగే ఉంటుందేమోనని అప్పుడు భయమేసింది. మర్నాడు క్లినిక్ తలుపు తీయకముందే వెళ్లి, ఆమెకు నిజం చెప్పేశాను.

ఆమె అరవలేదు. "మీ పేగుల్ల రక్తం లేదంటే మీ నాయినకేం ఫాయిదా, కేదార్ గారూ?" అంది. అంతే.

ఆ సాయంత్రం మా గుమ్మంలో నిలబడింది. నాన్నగారు ముఖం తిప్పుకున్నా కదల్లేదు.

"సార్, నా చేతికి ఇయ్యకుండ్రి. తెల్లారి, స్నానానికి ముందే మా క్లినిక్ కిటికీ గట్టు మీద పెట్టి పోండ్రి. ఎవరు పెట్టిండ్రో నేను సుత చూడ. ఇంటికొచ్చి స్నానం జేసి పూజ జేస్కోండ్రి."

నాన్నగారు ఆమె చేతిలోని కొత్త డబ్బా వైపు చూశారు. "మూత గట్టిదేనా అమ్మాయ్?" అన్నారు.

ఈసారి రక్తం కనబడింది. సోమాజిగూడ ఆసుపత్రిలో కెమెరా పరీక్ష చేసి, పేగు గోడకు పెరిగిన కండను అక్కడే తీసేశారు. అదింకా క్యాన్సర్‌గా మారలేదన్నారు. ఆ తర్వాత నాన్నగారి మాట మీద మా వీధి పెద్దల డబ్బాలూ ఆ గట్టెక్కాయి.

మంజూషతో పెళ్లి మాట భయపడుతూనే ఎత్తాను. నాన్నగారు పేపర్లోంచి తలెత్తలేదు. "ఆ పిల్ల దగ్గర దాచుకోడానికి మనింట్లో ఇంకేం మిగిలిందిరా, తీసుకురా" అన్నారు.

మొదటి ఫలితం తప్పెలా వచ్చిందని క్లినిక్ డాక్టర్ రత్నమాల గారు నిలదీసినప్పుడు, డబ్బాలు తనే తారుమారు చేశానని మంజూష చెప్పిందట. అందరి ముందూ చీవాట్లు తిందట. నాకు ఆలస్యంగా తెలిసింది. ఎందుకలా అంటే, "నిజం జెప్తే మీ నాయిన మిమ్మల్ని మళ్లా నమ్ముతుండెనా?" అంది. తెలిశాక కూడా వెళ్లి డాక్టర్ గారికి నిజం చెప్పలేదు. ఆ ఒక్క మాట ఆమెకు బాకీ పడిపోయాను.

బోరబండలో మా పెళ్లికి డాక్టర్ గారు వచ్చారు. అక్షింతలు తీసుకున్న ఆవిడ చెయ్యి లేవకముందే, పక్కన నాన్నగారు వింటుండగానే చెప్పాను. "డాక్టర్ గారూ, ఆనాటి డబ్బా తప్పు మంజూషది కాదు. నాన్నగారి పేరుతో నాది ఇచ్చింది నేను."

నాన్నగారు నావైపు ఒక చూపు చూసి, కండువా సర్దుకున్నారు. డాక్టర్ గారు మంజూష తల మీద చెయ్యి వేశారు.

"అందరి ముందూ తిట్టాను కదమ్మా, అందరి ముందే చెబుతున్నా. తప్పు నీది కాదు."

మంజూష తల వంచుకునే, కొంగు ముడి చాటున నా వేలు గట్టిగా నొక్కింది.