ఎల్లమ్మ తల్లీ, మా అమ్మను ఇడిసిపెట్టు

"పిచ్చిదాని చేతికి పసిపిల్లను ఇస్తరా ఎవలన్న? మీరే చెప్పుండ్రి!" అంటూ లక్ష్మీనర్సమ్మ వాకిట్లో చేతులు తిప్పింది. న్యాయం చెప్పడానికి వచ్చిన పెద్దమనుషులు ఆమె పోయించిన చాయ్ చప్పరిస్తూ తలలూపారు. ఆహా, ఏం న్యాయమమ్మా! చాయ్ ఎవరిదైతే న్యాయం వాళ్లదే!

ఆ పిచ్చిది అనిపించుకున్న కోడలు మంజులత, తల్లి పుష్ప పక్కన చాప మీద కూర్చుని ఉంది. మందులకు ముఖం ఉబ్బిపోయింది. చేతులింకా సన్నగా వణుకుతున్నాయి. దవాఖాన నుంచి కట్టంగూర్‌లోని తల్లిగారింటికి పోయి, కాస్త కోలుకుని, ఇవాళే జడ్చర్ల పక్కనున్న ఈ అత్తగారి ఊరికి వచ్చింది. ఆమెకు నగలొద్దు, పొలమొద్దు. ఏడాదిగా నానమ్మ దగ్గరే ఉన్న ఒక్కగానొక్క కూతురు అక్షితను తన పక్కన పడుకోబెట్టుకుంటే చాలు... ఆ ఒక్క కోరిక కోసం ఇంతమంది ముందు దోషిలా కూర్చోవలసి వచ్చింది!

ఇదే లక్ష్మీనర్సమ్మ నిరుడు ఇదే కోడలి కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకున్నదంటే నమ్ముతారా? నిరుడు బోనాల ముందు మంజులతకు ఉన్నట్టుండి నిద్ర పట్టడం మానేసింది. ఊరికే నవ్వేది, అంతలోనే కెవ్వున అరిచేది, కట్టుకున్నవాణ్ణి గుర్తుపట్టేది కాదు. ఒళ్లంతా కొయ్యబారి ఊగిపోయేది. కన్నవాళ్లయితే గుండెలు పగిలి దవాఖానకు పరుగెత్తుతారు. అత్తగారు మాత్రం, "ఎల్లమ్మ తల్లి మా ఇంటికే వచ్చింది!" అని మురిసిపోయింది. కోడల్ని పీట మీద కూర్చోబెట్టి ముఖానికి పసుపు బండారి పూసింది, మెడకు వేపాకు చుట్టింది, డప్పు కొట్టించింది. ఊళ్లో ఆడవాళ్లు కొబ్బరికాయలు పట్టుకుని వరస కట్టారు. "మా బర్రె ఎప్పుడు ఈనుతది తల్లీ?" అని ఒకతి, "మా రాజేశ్‌కు నౌకరీ వస్తదా తల్లీ?" అని మరొకతి! మెదడు మండిపోతూ ఆ పిల్ల ఏం పలవరిస్తే అదే వాక్కు. వాళ్లకేం, పోయే ప్రాణం వాళ్లది కాదు కదా!

ఇక మొగుడు శ్రవణ్‌కుమార్ సంగతి చెప్పనే అక్కర్లేదు. జడ్చర్లలో మందుల కంపెనీలో రోజంతా గోళీలు డబ్బాలకెత్తే మహానుభావుడు, పెళ్లాం నోట్లో ఒక్క గోళీ వేయించలేకపోయాడు! "అమ్మ ఎట్లంటె గట్ల" అన్నాడు. చివరికి పుష్ప వచ్చి, బిడ్డను చూసి గుండెలు బాదుకుని, వియ్యపురాలిని పక్కకు నెట్టి, బండి మాట్లాడుకుని హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. "మెదడుకు వాపమ్మా. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే దారి తప్పి మెదడు మీద పడింది. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదు" అన్నాడు డాక్టరు. ఎన్నాళ్లో స్పృహ లేదు. తర్వాత చంటిపిల్లలాగ నడక నేర్చుకుంది, మాటలు కూడబలుక్కుంది. తన బిడ్డ పేరు తనకు గుర్తుకొచ్చిన రోజున మంజులత ఏడ్చిన ఏడుపుకు నర్సులు కూడా కళ్లొత్తుకున్నారు...

"పిచ్చి కుదిరిందనే అనుకుందాం! తల్లి వాక్కు ఏడికి పోతది?" అంటూ లక్ష్మీనర్సమ్మ సెల్‌ఫోన్ తీసి, నిరుడు తీయించిన వీడియో అందరి ముందూ పెట్టింది.

అందులో పసుపు ముఖంతో, విరబోసిన జుట్టుతో ఒక ఆడది ఊగుతోంది. "పిల్లను తీస్కపోండ్రి... నా దగ్గర ఉంచకుండ్రి..." అని అరుస్తోంది. అది తనే! మంజులతకు ఆ రోజుల్లో జరిగింది ఒక్కటీ గుర్తు లేదు. తను నిజంగా ఈ మాట అన్నదా? కన్నబిడ్డను వద్దన్నదా? ఆమె చూపు ఫోన్‌లోనే తన చేతుల మీద పడింది. పక్కన నిలబడ్డవాళ్లను ఆ చేతులు ఇష్టమొచ్చినట్టు కొడుతున్నాయి, గీరుతున్నాయి. మూలన అక్షిత బెదిరిపోయి నిలబడి ఉంది. మంజులతకు అప్పుడర్థమైంది. ఒళ్లు తన మాట వినని ఆ స్థితిలో కూడా బిడ్డకు దెబ్బ తగులుతుందని భయపడే తను ఆ మాట అన్నది. వెక్కివెక్కి ఏడ్చేసింది.

"ఏడిస్తె ఏమొస్తదమ్మా" అన్నాడు పెద్దమనిషి మారయ్య, మీసం తుడుచుకుంటూ. "తల్లి ఒంటి మీదికొచ్చి శిగంల చెప్పిన వాక్కును మళ్ల శిగంలనే తిప్పాలె. అది మన కట్టుబాటు. డప్పు కొట్టే ఎల్లస్వామిని పిలిపిస్త. తల్లి మళ్ల నీ మీదికొచ్చి పిల్లను తీస్కోమంటె, ఎవలం అడ్డం రాం."

పుష్ప కూతురి చెవిలో గుసగుసగా, "ఊగు బిడ్డా... ఉత్తగనే జరసేపు ఊగు! నీ పిల్ల నీకొస్తది" అంది కళ్లనీళ్లతో.

ఎంత తేలిక! జుట్టు విప్పి నాలుగుసార్లు ఊగితే చాలు. కానీ ఆమె గోడ పట్టుకుని లేచింది.

"ఊగను!" అంది మారయ్యతో. "మామా, జబ్బుతోని సావబోతుంటె నాకు మొక్కిన్రు. బాగై వస్తె పిచ్చిదంటున్రు. మీకు పనికొచ్చేది నా రోగమా, నేను కాదా? తల్లి పేరు చెప్పి అబద్ధమాడి నా బిడ్డను తెచ్చుకోను. నా నోటితోనే పిలుస్త. అక్షితా! ఇటు రా బిడ్డా!"

తలుపు చాటు నుంచి అక్షిత మెల్లగా బయటికి వచ్చింది. పరుగెత్తుకొచ్చి చుట్టుకుంటుందని మంజులత చేతులు చాచింది. కానీ ఆ పిల్ల దూరంగానే ఆగి, మోకాళ్ల మీద కూర్చుని, నానమ్మ నేర్పినట్టుగా రెండు చేతులూ జోడించింది.

"ఎల్లమ్మ తల్లీ... నీకు దండం పెడత. మా అమ్మను ఇడిసిపెట్టు. నేను మంచిగుంట. అల్లరి చెయ్య..."

మారయ్య చేతిలో చాయ్ అట్లాగే ఉండిపోయింది. అయ్యో భగవంతుడా! ఏడాదిపాటు పసిదాని చేత ఏం మొక్కు మొక్కించారు!

మంజులత పిల్ల ముందుకు పోయి కూలబడింది. పిల్ల తల వైపు చూసింది. చిక్కులు పడి అట్టలు కట్టిన జుట్టు!

"ఏందే గీ జుట్టు?" అంది, ఏడుస్తూనే కోపంగా. "ఒక్కనాడన్న దువ్విన్రా లేదా? పేలు పడితె ఎవరు సూడాలె? గిట్లనేనా ఉండేది, చెప్పు!"

అక్షిత కళ్లు పెద్దవి చేసింది. దేవత ఎక్కడన్నా పేల సంగతి మాట్లాడుతుందా?

"అమ్మా... నువ్వేనా?"

"నేనేనే! జబ్బు చేసింది బిడ్డా, తల్లి కాదు, పాడు జబ్బు..." అంటూ గుండెకు హత్తుకుంది. పిల్ల బావురుమంది.

"వాక్కు తప్పితె ఇల్లు మునుగుతది!" అని లక్ష్మీనర్సమ్మ అరిచింది గానీ, ఈసారి తల ఊపినవాడు లేడు. న్యాయమూర్తులంతా కండువాలు దులుపుకుని ఒక్కొక్కరే జారుకున్నారు. శ్రవణ్‌కుమార్ లోపలికి పోయి దువ్వెన తెచ్చి, తల వంచుకుని నిలబడ్డాడు. బతుకులో అమ్మను అడక్కుండా అతను చేసిన మొదటి పని అదే! మంజులత అతని ముఖం చూడకుండానే దువ్వెన తీసుకుంది.

"అమ్మా, మళ్ల గట్లయితవా?" ఒళ్లో తల పెట్టుకున్న అక్షిత అడిగింది.

మంజులత ఇంకో చిక్కు విప్పింది. అబద్ధం చెప్పాలనిపించలేదు.

"కావచ్చు బిడ్డా. యాళ్లకు గోళీలేసుకుంటె కానని డాక్టర్ చెప్పిండు. నేను మరుస్త... నువ్వే యాది చెయ్యాలె."

"చేస్త. మరి మళ్లొస్తె?"

"మొక్కకు బిడ్డా. దవాఖానకు తీస్కపో" అంది మంజులత, జుట్టు దువ్వుతూ.