మోచేయి మడవని సుందరి

ఫిల్మ్ నగర్‌లో మనిషిని ముందు ఫొటోలో చూస్తారు. ఫొటో నచ్చితే మనిషిని పిలిపిస్తారు. మనిషి వచ్చాక, ఫొటోలో ఉన్నట్టు లేదని పెదవి విరుస్తారు. బొమ్మను ఎంచుకోవడం కూడా అక్కడ అలాగే జరిగింది. అందుకని వర్ణికను ఒక్కదాన్నే తప్పుపట్టడం న్యాయం కాదు.

వర్ణిక కాస్ట్యూమ్ డిజైనర్ దగ్గర అసిస్టెంటు. హీరోయిన్ల కుచ్చిళ్ళకు పిన్నులు పెట్టడం, వాళ్ళు విసుక్కుంటే మళ్ళీ పెట్టడం ఆమె ఉద్యోగం. దర్శకుడు పరబ్రహ్మం తీస్తున్న కొత్త సినిమాలో ఒక పాటంతా బొమ్మే ఆడుతుంది. ఆ బొమ్మను ఎంపిక చేసి అలంకరించే పని తొలిసారిగా ఆమె చేతికి వచ్చింది.

ఆమె కొరియా నుంచి ఒక బొమ్మను తెప్పించింది. మూరెడు పొడుగు. ప్రతి కీలు దగ్గరా గుండ్రటి బంతి, ఒంటి లోపల సాగే తాడు, గాజు కళ్ళు, పాలమీగడ రంగు. ఆఫీసులో పెట్టె మూత తీయగానే మేనేజరు కాఫీ తాగడం ఆపేశాడు. రచయిత అయితే అప్పటికప్పుడే కళ్ళ మీద ఒక పోలిక చెప్పాడు. ఆ పోలిక అంతకుముందు సినిమాలోనూ చెప్పిందే.

ఒక్కడు మాత్రం బొమ్మ ముఖం వంక చూడలేదు. నడుము పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టాడు. అది కాళ్ళు ఠపీమని చాచి వెల్లకిలా పడింది. లేపి చెయ్యి మడిచాడు. మోచేయి సగం వంగి ఆగిపోయింది.

"బొమ్మ మంచిగుంది," అన్నాడు. "అద్దాల బీరువాల వెట్టుకోండ్రి. దుమ్ము వడదు."

"మీరెవరండీ?" అంది వర్ణిక.

"దీన్ని ఆడించేటోణ్ణి."

అతని పేరు పృథ్వీరాజ్. బొమ్మను వెంట్రుకవాసి కదిలించి ఫొటో తీసి, మళ్ళీ కదిలించి మళ్ళీ తీసి, అవన్నీ కలిపి బొమ్మే నడిచినట్టు చూపించడం అతని పని. చేతులతో ఆ పని చేయించుకునేవాళ్ళు ఊళ్ళో ఎక్కువమంది లేరు. అప్పుడప్పుడూ ఒక ప్రకటన దొరికేది. సినిమాలో పాటంటే అతనికి ఇదే మొదటిది.

అతను సంచిలోంచి తువ్వాలు చుట్టిన ఇంకో బొమ్మను తీశాడు. గోధుమ రంగు. మోచేతికీ మోకాలికీ రెండేసి కీళ్ళు, ఛాతీకి నడుముకి మధ్య ఇంకొకటి. దాన్ని మఠం వేసి కూర్చోబెట్టాడు. చెవి పట్టించాడు. గడ్డం కింద చెయ్యి పెట్టించాడు. ఎలా పెడితే అలా ఉండిపోయింది.

వర్ణిక దాని ముఖం చూసింది. కనుబొమలు ఎవరో బస్సులో కూర్చుని గీసినట్టున్నాయి. పెదవులు ఒకవైపుకు జారాయి.

"ఎన్ని వంకర్లు తిరిగితే ఏం లాభం? పన్ను పీకించుకోవడానికి లైన్లో కూర్చున్నట్టుంది."

"పాటల ఆడేటియి కాళ్లు, చేతులు. పండ్లు గాదు."

"జనం కీళ్ళు చూడ్డానికి రారండీ."

పరబ్రహ్మం చెయ్యెత్తి ఇద్దరినీ ఆపాడు. తాను ఎందరో హీరోయిన్లను పరిచయం చేసినవాణ్ణనీ, ముఖం తెర పట్టేదీ లేనిదీ చూడగానే చెబుతాననీ అన్నాడు. వాళ్ళలో ఒక్కరికైనా నటన వచ్చునా అని ఆయన అడిగిన దాఖలా లేదు. రెండు బొమ్మలకూ లుక్ టెస్ట్ పెట్టించాడు. లైట్లు పెట్టారు, ఫ్యాను కూడా పెట్టారు. మీగడ రంగు సుందరి వీపు వెనక ఒక పుల్ల ఆనించి నిలబెట్టి ఫొటోలు తీశారు. గోధుమ రంగు బొమ్మ వంతు వచ్చేసరికి ఫొటోగ్రాఫరుకు ఫోన్ వచ్చింది.

సుందరి ఎంపికైంది. శుక్రవారం ముహూర్తానికి తొలి షాట్ బొమ్మ మీదే అనీ, అది దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టాలనీ దర్శకుడు చెప్పాడు. షాట్ కుదరకపోతే పాట మొత్తం గ్రాఫిక్స్ కంపెనీకి ఇచ్చేస్తానని కూడా అన్నాడు. కాఫీలో చక్కెర తక్కువైందని చెప్పే గొంతుతో అన్నాడు.

*

మర్నాడు వర్ణిక తన సుందరిని తీసుకుని మోతీనగర్‌లో పృథ్వీరాజ్ ఇంటికి వెళ్ళింది. మేడ మీది గది అతని వర్క్‌షాపు. కింద తల్లి మల్లమ్మతో కలిసి ఉంటాడు.

అతను ఆ బొమ్మ విషయంలో బద్ధకిస్తాడనీ, పాడైపోతే తన మీదికి నెట్టేస్తాడనీ వర్ణిక అనుకుంది. ఫిల్మ్ నగర్‌లో అందరూ అదే చేస్తారు. గోడకు ఆనుకుని కూర్చుని చూసింది. అతను తాడు వదులు చేశాడు. కీళ్ళ లోపల పలుచని తోలు ముక్కలు అంటించాడు. ఇప్పుడు బొమ్మ పడిపోకుండా నిలబడింది. కాని చేతులు మాత్రం కలవలేదు. ఎన్నిసార్లు మడిచినా అరచేతులు ఎడంగానే ఆగిపోయాయి.

దండం పెట్టమంటే పళ్ళెం పట్టుకున్నట్టుంది.

అతను మళ్ళీ తాడు విప్పడం మొదలుపెట్టాడు. దెప్పి ఉంటే ఆమెకు తేలికగా ఉండేది.

"ఆ రెండో బొమ్మను ఇటివ్వండి," అంది చివరికి. "ముఖం తుడిచి మళ్ళీ గీయొచ్చు. మోచేతిని గీయలేం."

"నేను నిన్న జెప్పింది గదే."

"మీరు చెప్పలేదు. బీరువా అన్నారు. మనిషికి అర్థమయ్యేలా చెబితే మీకేం పోయేది?"

తప్పు తనదైనా కోపం అతని మీద చూపించడంలో వర్ణికకు మంచి నేర్పు ఉంది. అతను నవ్వు దాచుకోవడానికి తువ్వాలుతో బల్ల తుడిచాడు.

ఆమె పాత రంగంతా తుడిచేసింది. ఏమీ లేని ఆ ముఖం మీద పలుచగా రంగులద్దింది. సన్నని కుంచెతో కనుబొమలు, పెదవులు దిద్దింది. పైన రంగు నిలవడానికి స్ప్రే కొట్టాలి. సరిగ్గా అప్పుడు వాన మొదలైంది. తేమగా ఉన్నప్పుడు ఆ స్ప్రే కొడితే ముఖమంతా బూడిద పూసినట్టు తెల్లబారిపోతుంది. వాన ఆగేదాకా కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు.

వాన ఆగలేదు. చేసే పని లేక ఇద్దరూ మాట్లాడుకోవలసి వచ్చింది. ఇంజనీరింగ్ చదివి ఈ పనిలోకి ఎందుకొచ్చాడో అతను చెప్పాడు. పిన్నులు పెట్టేటప్పుడు ఏ హీరోయిన్ ఏమని తిట్టేదో ఆమె గొంతు మార్చి మరీ చెప్పింది. అతను పడి పడి నవ్వాడు. నవ్వినప్పుడు మరీ అంత పనికిమాలినవాడిలా లేడని ఆమె గమనించింది. గమనించినందుకు తన మీద తనకే చిరాకేసింది.

చాయ్ తెచ్చిన మల్లమ్మ రెండు బొమ్మలనూ చూసింది. కొడుకు వంకా చూసింది. ఆ తర్వాత వర్ణిక వంక కాస్త ఎక్కువసేపు చూసింది.

"బిడ్డా, వీడు బొమ్మలతోని పొద్దుగూకులు మాట్లాడుతడు. మనుషులొస్తే మూగోడైతడు. గింత సేపు ఎవ్వరితోని నవ్వంగ సూడలే," అంది.

"అమ్మా, నువ్వు వో."

"పోతున్న తియ్యి."

ఆమె కిందికి వెళ్ళింది. పృథ్వీరాజ్ మాట మార్చడానికి గోధుమ రంగు బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు. కొత్త ముఖం వైపు చూసి ఆగిపోయాడు.

"ఏంటి, బాలేదా?"

"మంచిగుంది. కాని గిది నన్ను మీ లెక్కనే సూస్తుంది."

"ఎలాగ?"

"ఎందుకూ పనికిరానోణ్ణి సూసినట్టు."

వర్ణిక బొమ్మను లాక్కుని చూసింది. ఎడమ కనుబొమ కుడిదానికన్నా కాస్త పైకి లేచి ఉంది. తాను కావాలని అలా గీయలేదు. చెరిపేద్దామని కుంచె తీసింది.

"ఉండనియ్యండి," అన్నాడతను. "నాకు అలవాటైంది."

ఆమె కుంచె కింద పెట్టేసింది.

*

శుక్రవారం పొద్దున స్టూడియోలో పూలదండలు, పట్టుపంచెలు, కెమెరాకు బొట్టు. ఎవరి పక్కన ఎవరు నిలబడాలన్నదాని మీద అప్పటికే రెండు అలకలు.

వాన తెరిపిచ్చాక స్ప్రే కొట్టి తెచ్చిన కొత్త బొమ్మను చూసి పరబ్రహ్మం మొహం ముడుచుకున్నాడు. తాను ఓకే చేసిన అమ్మాయి ఏదని అడిగాడు. దానికి చేతులు కలవవని, అందుకే దీన్ని తయారు చేశామని వర్ణిక చెప్పింది. రంగు తక్కువుందని ఆయన గొణిగాడు. వెతుక్కోవడానికి వేళ లేదు కాబట్టి కానివ్వమన్నాడు. కుదరకపోతే గ్రాఫిక్స్ ఎలాగూ ఉందన్నాడు.

ముహూర్తం బట్టలను పూజకు ముందు తొడగకూడదు. పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టాకే తొడగాలి. మనుషుల సినిమాకే కాదు, బొమ్మకూ అదే పద్ధతి అని డిజైనరు పట్టుబట్టింది. అందుకని వర్ణిక కుట్టిన పట్టు రవికను ఒక్కసారీ వేసి చూడలేదు. అది చూడ్డానికి ముచ్చటగా ఉంది. మోచేయి దాటిన జరీ చేతులు, లోపల గట్టి లైనింగు, ఎక్కడా ముడత లేదు.

పూజ అయ్యింది. బొమ్మకు రవిక తొడిగి, చీర కట్టి పటం ముందు నిలబెట్టారు. పృథ్వీరాజ్ తలను కొంచెం తిప్పి ఫొటో తీశాడు. చేతులు లేపి ఫొటో తీశాడు. మోచేతులు మడవబోయాడు. అవి వంగలేదు.

రెండు కీళ్ళున్న మోచేయి, మేడ మీది గదిలో చెవి దాకా వెళ్ళిన చెయ్యి, ఆ జరీలో కట్టెలా బిగుసుకుపోయింది. అరచేతులు ఎడంగా ఆగాయి. పంతులుగారు గడియారం చూసుకున్నారు. వెనక ఎవరో ఇకిలించారు.

వర్ణికకు సంగతి అర్థమైంది. వంగని అందం పనికిరాదని పక్కన పెట్టి, తీరా తాను కుట్టిందీ వంగని అందమే.

"ఏమైందయ్యా?" అన్నాడు దర్శకుడు.

పృథ్వీరాజ్ ఒక్కసారి రవిక చేతులను చూశాడు. ఆమె వైపు మాత్రం చూడలేదు.

"నాదే తప్పు సార్. లోపల తాడు ఎక్కువ బిగిచ్చిన."

పరబ్రహ్మం మేనేజరు వైపు తిరిగి, గ్రాఫిక్స్ వాళ్ళకు ఫోన్ కలపమన్నాడు.

"తాడు బాగానే ఉంది సార్," అంది వర్ణిక. "రవిక నేను కుట్టింది. చేతులు ఇరుక్కున్నాయి. అందంగా ఉంటుందని కుట్టాను, వంగుతుందో లేదో ఆలోచించలేదు."

డిజైనరు ఆపేలోగా కత్తెర తీసి రెండు జరీ చేతులనూ భుజాల దగ్గర కత్తిరించేసింది. దారప్పోగులు వేలాడాయి. ముహూర్తం బట్టకు కత్తెర పెట్టడమా అని ఎవరో నోరు నొక్కుకున్నారు.

బొమ్మ మోచేతులు మెత్తగా వంగాయి. పృథ్వీరాజ్ షాట్‌ను మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. కదిలించాడు, కెమెరా చప్పుడైంది, మళ్ళీ కదిలించాడు. చిటికెన వేళ్ళు కలిశాయి. అరచేతులు కలిశాయి. తల కొంచెం వంగింది.

మానిటర్‌లో షాట్ వేసి చూశారు. దారాలు వేలాడుతున్న రవికలో ఆ బొమ్మ దేవుడి వైపు తిరిగి, కనుబొమ ఎత్తి, అడిగింది ఇస్తావా ఇవ్వవా అన్నట్టు దండం పెట్టింది.

ముందు లైటు పట్టుకున్న మనిషి నవ్వేశాడు. పరబ్రహ్మం కూడా నవ్వాడు. పాట చేతులతోనే తీద్దామన్నాడు. అంతటితో ఊరుకోకుండా, ముఖంలో ఏముంది, ప్రాణమంతా కదలికలోనే ఉంటుందని తాను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానని కూడా అన్నాడు. మేనేజరు అవునన్నాడు. రచయిత దానికీ ఒక పోలిక చెప్పాడు.

*

బయట మళ్ళీ వాన పట్టుకుంది. స్టూడియో గేటు పక్కన రేకుల కింద ఇద్దరూ నిలబడ్డారు. బొమ్మ పెట్టె అతని చంకలో ఉంది. కార్లలో ఎక్కవలసిన పెద్దవాళ్ళు ఎక్కి వెళ్ళిపోయారు. వీళ్ళిద్దరి మీద బురద చిమ్మిన కారు పరబ్రహ్మంగారిదే.

"ఎందుకు అబద్ధం చెప్పారు?" అంది వర్ణిక.

"మల్ల మిమ్మల్ని పిన్నులు వెట్టనీకి పంపుతరని."

"పాట పోయేది. మీకున్నది అదొక్కటేగా."

"పోతే పోనీ అనుకున్న."

వర్ణిక ఒక వెటకారం కోసం వెతికింది. ఇంతవరకూ ఎవరికైనా మాటకు మాట అప్పజెప్పాలంటే ఆమె తడుముకోలేదు. ఇప్పుడు ఒక్కటీ దొరకలేదు.

"మీకు బుద్ధి లేదండీ," అంది మెల్లగా. అది తిట్టులా వినబడలేదని ఇద్దరికీ తెలిసింది.

"లేదు," ఒప్పుకున్నాడతను. వాన వైపు తిరిగి, గొంతు సవరించుకుని అన్నాడు. "మీరంటే నాకు ఇష్టం. గా మాట నిన్న అద్దం ముంగట మంచిగనే అన్న. గీడ వస్తలేదు."

"వచ్చిందిగా."

"మరి మీరేమంటరు?"

ఆమె నోరు తెరిచేలోగా అతని జేబులో ఫోన్ మోగింది. మల్లమ్మ. పెట్టె చంకలో ఉండడంతో స్పీకర్ నొక్కాడు.

"ఏందిరా, పాట ఉన్నదా, పాయెనా?"

"ఉన్నదే."

"మరి పిల్ల?"

పృథ్వీరాజ్ కంగారుగా స్పీకర్ ఆపబోయాడు. వర్ణిక చెయ్యి చాచి అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"ఉన్నానండీ," అంది.